ఆర్డరిచ్చి రాయించుకున్న పాటలు: ఆండీ రజాఫ్, హార్లెం రెవ్యూలు

1929 జూన్ 20న న్యూయార్క్‌లోని హడ్సన్ థియేటర్‌లో ‘హాట్ చాకొలేట్స్’ అనే ప్రదర్శన మొదలైంది. స్టేజీ మీద పాడేవాళ్లు, ఆడేవాళ్లు అందరూ నల్లజాతివాళ్లే. డిసెంబరు దాకా నడిచి 219 ఆటలు ఆడింది. అందులోంచి రెండు పాటలు బయటికొచ్చి జాజ్ సంగీతంలో శాశ్వతంగా నిలబడిపోయాయి. ఒకటి ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’, రెండోది ‘బ్లాక్ అండ్ బ్లూ’. ఈ రెండిటినీ రికార్డు చేసిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రపంచానికంతా తెలుసు. బాణీ కట్టిన ఫ్యాట్స్ వాలర్ కనీసం జాజ్ వినేవాళ్లకు తెలుసు. మాటలు రాసిన ఆండీ రజాఫ్ ఎవరంటే మాత్రం జాజ్ అభిమానుల్లోనూ చాలామంది ఆలోచించాల్సి వస్తుంది.

పాట గుర్తుండి రాసినవాడు గుర్తుండకపోవడం ఏ భాషలోనైనా జరిగేదే. కానీ రజాఫ్ విషయంలో దాన్ని జనం మతిమరుపు అని సరిపెట్టడానికి లేదు. ఆయన పనిచేసిన రంగం నడిచే తీరులోనే దానికి కారణం ఉంది. రెవ్యూలో పాట ఒక విడి సరుకు. కావాలంటే పెడతారు, పండకపోతే మర్నాడే తీసేస్తారు, పండితే అక్కడి నుంచి ఎక్కడికైనా పట్టుకుపోతారు. విడిగా ఉండబట్టే రజాఫ్ పాటలు ఆ ప్రదర్శనలు పోయాక కూడా బతికాయి. రాసినవాడి చేయి దాటిపోయిందీ అందుకే.

రెవ్యూ అంటే నాటకం కాదు. మొదలు, చివర ఉన్న కథ ఉండదు. ఒక హాస్య సన్నివేశం, ఒక పాట, గుంపు డాన్స్, మళ్లీ ఇంకో సన్నివేశం, మధ్యలో ఆ ఏడాది వార్తల మీద విసుర్లు. ప్యారిస్‌లో పుట్టిన ఈ పద్ధతిని ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ 1907లో ‘ఫాలీస్’ పేరుతో న్యూయార్క్‌లో పెద్ద వ్యాపారంగా మార్చాడు. ఆయనకు పోటీగా షూబర్ట్ సోదరులు 1912 నుంచి వింటర్ గార్డెన్ థియేటర్‌లో ‘పాసింగ్ షో’లు వేయడం మొదలుపెట్టారు. ఏటా కొత్త షో, షోకి పాతిక ముప్ఫై పాటలు. కథ లేదు కాబట్టి అన్ని పాటలూ ఒక్కరే రాయాలని లేదు. బయట ఎవరి దగ్గరైనా మంచి పాట ఉందంటే కొని ఇరికించేవాళ్లు. కొత్తవాడికి తలుపు తెరుచుకునేది ఇక్కడే. 1913లో పదిహేడేళ్ల కుర్రాడొకడు ఆ తలుపులోంచి లోపలికొచ్చాడు.

ఆ కుర్రాడి అసలు పేరు ఆండ్రియామెంటానియా పాల్ రజాఫింకెరిఫో. పేరు మడగాస్కర్‌ది, పుట్టింది వాషింగ్టన్‌లో, 1895 డిసెంబరు 16న. తల్లి జెనీ. ఆమె తండ్రి జాన్ వాలర్ మిస్సోరీలో బానిసగా పుట్టి, పెరిగి పెద్దయ్యాక మడగాస్కర్‌లో అమెరికా కాన్సుల్ అయ్యాడు (పేరు కలిసిందే తప్ప ఫ్యాట్స్ వాలర్‌తో ఈయనకు చుట్టరికం లేదు). జెనీ పెళ్లి చేసుకున్నది మడగాస్కర్ రాణి మూడో రనవలోన బంధువుల కుటుంబంలోని యువకుణ్ణి. 1895లో ఫ్రెంచి సేనలు ద్వీపాన్ని ఆక్రమించాయి. భర్త చనిపోయాడు. తండ్రిని ఫ్రెంచివాళ్లు అరెస్టు చేసి 20 ఏళ్ల జైలు శిక్ష వేశారు. పదిహేనేళ్లు దాటీ దాటని గర్భిణి జెనీ అమెరికా చేరింది, అక్కడే ఆండీ పుట్టాడు. అమెరికా ప్రభుత్వం జోక్యం చేసుకోవడంతో తాతగారు 1896లో విడుదలయ్యారు. ఆ కుటుంబం తర్వాత కూడా ఒక చోట స్థిరంగా లేదు, చివరికి న్యూయార్క్ చేరింది. రాజవంశపు పేరు, కాన్సుల్ మనవడన్న గౌరవం ఉన్నాయి, ఇంట్లో డబ్బు మాత్రం లేదు. ఆండీ పదహారేళ్లకే బడి మానేసి లిఫ్ట్ ఆపరేటర్‌గా చేరాడు.

ఆ లిఫ్టు ఉన్న భవనం మ్యూజిక్ పబ్లిషర్ల పేటలోది. ఆ పేటనే టిన్ పాన్ యాలీ అంటారు. ఆఫీసుల్లో పియానోల ముందు కూర్చుని జీతానికి పాటలు కట్టేవాళ్లు, పాటలు మోసుకొచ్చి అమ్ముకునేవాళ్లు, కొనేవాళ్లు అందరూ లిఫ్టులోనే పైకీ కిందికీ తిరిగేవాళ్లు. ‘బాల్టిమో’ అనే పాట రాసి ఆండీ అక్కడే అమ్మాడు. అది ‘పాసింగ్ షో ఆఫ్ 1913’లో చేరింది. పదిహేడేళ్లకే, న్యూయార్క్ పెద్ద థియేటర్ల పేట అయిన బ్రాడ్వే మీద పాట!

ఆ తర్వాత దాదాపు పదేళ్లు ఏమీ జరగలేదు. ఈ ఖాళీని ప్రతిభకు అంటగట్టడం సరికాదు. తెల్లవాళ్ల రెవ్యూల్లో నల్లజాతి రచయిత పాట ఒకటీ అరా దూరేదేమో గానీ, ఒక షో మొత్తాన్ని అతని చేతిలో పెట్టే నిర్మాత లేడు. ఈలోగా రజాఫ్ చిన్నా చితకా ఉద్యోగాలు చేశాడు, బేస్‌బాల్ ఆడాడు, కవిత్వం రాశాడు. న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేట అయిన హార్లెం నుంచి వెలువడే ‘ది క్రూసేడర్’ లాంటి రాజకీయ పత్రికల్లో ఆ కవితలు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో దేశం కోసం పోరాడి తిరిగొచ్చిన నల్లజాతి సైనికులకు ఇంటి దగ్గర దక్కిన అవమానాల మీద సూటిగా, కోపంగా రాసిన కవితలవి. ఆయన పాటల్ని అర్థం చేసుకోవడానికి ఈ కవితల సంగతి తెలియాలి. సరదా పాటలు రాసి రాసి, చివర్లో ఒక్కసారి గంభీరంగా మారినవాడు కాదు రజాఫ్. గంభీరంగానే మొదలుపెట్టి, పొట్టకూటి కోసం సరదా పాటల్లోకి వచ్చినవాడు.

1921లో పరిస్థితి మారింది. నోబుల్ సిసిల్, యూబీ బ్లేక్ పాటలతో ‘షఫుల్ అలాంగ్’ బ్రాడ్వే ఉత్తరపు చివర, 63వ వీధిలోని ఒక పాత హాలులో మొదలై 504 ఆటలు ఆడింది. నల్లజాతివాళ్లే రాసి, బాణీలు కట్టి, ఆడిన షోకి తెల్లవాళ్లు టికెట్టు కొనుక్కుని వస్తారని అది నిరూపించింది. లాభం కనిపించగానే పెట్టుబడిదారులు బయల్దేరారు. వాళ్లలో కొందరు ఎలాంటివాళ్లంటే, 1928లో రజాఫ్ పాటలు రాసిన ‘కీప్ షఫ్లిన్’కు డబ్బు పెట్టింది అప్పట్లో జూద ప్రపంచాన్ని ఏలిన ఆర్నల్డ్ రోత్‌స్టీన్. అదే ఏడాది నవంబరులో ఆయన్ని కాల్చి చంపారు. మద్య నిషేధం అమల్లో ఉన్న కాలం అది. దొంగసారా డబ్బు, నైట్‌క్లబ్బు, రెవ్యూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడిచేవి.

హార్లెంలో 131వ వీధి మూల మీద ఉన్న కానీస్ ఇన్ అలాంటి క్లబ్బే. నడిపింది ఇమ్మర్మన్ సోదరులు. అంతకుముందు వాళ్లకు ఒక తినుబండారాల కొట్టు ఉండేది. ఆ కొట్లో సరుకు ఇళ్లకు మోసిన కుర్రాళ్లలో ఫ్యాట్స్ వాలర్ ఒకడు. క్లబ్బు చుట్టూ ఉండేదంతా నల్లజాతివాళ్లే, స్టేజీ మీదా వాళ్లే, బల్లల దగ్గర కూర్చునేది మాత్రం మధ్య న్యూయార్క్ నుంచి కార్లలో వచ్చే తెల్లవాళ్లు. రజాఫ్, వాలర్ ఇక్కడ ఫ్లోర్ షోలకు, అంటే క్లబ్బులోనే బల్లల ముందు వేసే ప్రదర్శనలకు, పాటలు కట్టేవాళ్లు. ఇంకో క్లబ్బుకు రజాఫ్ పియానిస్టు జేమ్స్ పి. జాన్సన్‌తో కలిసి పనిచేశాడు. షో ఎప్పుడు మారుతుందో అప్పటికి కొత్త పాటల కట్ట సిద్ధంగా ఉండాలి. ఇది డాన్స్‌కి, ఇది ఫలానా గాయనికి, ఇది తెర దించేటప్పటికి అని ముందే లెక్క.

తెలుగు సినిమా పాటలో ట్యూన్‌కి రాయడం గొప్పా, రాసినదానికి ట్యూన్ కట్టడం గొప్పా అని ఎప్పటి నుంచో వాదన ఉంది. రజాఫ్ లోకంలో ఆ వాదనకు తావే లేదు. ఎక్కువగా బాణీ ముందు వచ్చేది, వాలర్ పియానో మీద వాయిస్తుంటే పక్కనే కూర్చుని రాసేవాడు. ఆ బాణీల చట్రం కూడా దాదాపు స్థిరమే. ‘వర్స్’ అని ముందు చిన్న ఎత్తుగడ, తర్వాత 32 బార్ల అసలు పాట (బార్ అంటే తాళంలో ఒక ఆవృత్తం). ఆ ముప్ఫై రెండూ నాలుగు ఎనిమిదులు. మొదటి రెండూ ఒకే వరస, మూడోది వేరే మలుపు, నాలుగోది మళ్లీ మొదటి వరస. పాట మొత్తంలో రచయితకు దొరికేవి చాలా తక్కువ మాటలు. విన్న మొదటిసారే తలకెక్కాలి, గ్లాసుల చప్పుడులో కూడా వినపడాలి.

ఈ ఇరుకులో రజాఫ్ ఏం చేశాడో చూడటానికి ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’ చాలు. పైకి అది బుద్ధిమంతుడి పాట. బయట తిరగడం మానేశాను, ఇంట్లో ఒంటరిగా రేడియోతో కాలక్షేపం చేస్తున్నాను, నీ కోసమే దాచుకుంటున్నాను అని ప్రేమికుడు చెప్పుకుంటాడు. రాత్రి ఎనిమిదింటికే ఇల్లు చేరానని లెక్క కూడా చెబుతాడు. 1929లో ఇంట్లో రేడియో కొత్త వస్తువు, ఆ వివరం ఒక్కటి చాలు ఆ గదిని కళ్ల ముందు పెట్టడానికి. ఇంత మర్యాదస్తుడి మాటలు వినబడేది ఎక్కడ? తెల్లవార్లూ తాగి ఆడే క్లబ్బులో. రజాఫ్ బూతు మాట్లాడకుండానే గదిలో ఉన్నవాళ్లందరి చేత ముసిముసిగా నవ్వించాడు. ఆయన రాసిన ద్వంద్వార్థపు బ్లూస్ పాటలు కూడా చాలా ఉన్నాయి. 1928లో ఈథెల్ వాటర్స్ పాడిన ‘మై హ్యాండీ మ్యాన్’ అలాంటిదే. అందులో మొగుడు చేసిపెట్టే ఇంటి పనుల చిట్టా చదువుతూ భార్య మురిసిపోతుంటుంది, ప్రతి పనికీ రెండో అర్థం తగులుతూనే ఉంటుంది. ఇవన్నీ ఆర్డరు మీద రాసినవే. ఆ కాలంలో ఆ గిరాకీ ఉంది, దాన్ని ఎవరైనా తీర్చాలి, రజాఫ్ మిగతావాళ్లకన్నా శుభ్రంగా తీర్చాడు.

1930లో స్మాల్స్ ప్యారడైజ్ అనే క్లబ్బు ‘కిచెన్ మెకానిక్స్ రెవ్యూ’ వేసింది. కిచెన్ మెకానిక్ అంటే హార్లెం వాడుకలో వంటమనిషి, పనిమనిషి. దాని కోసం జాన్సన్ బాణీకి రజాఫ్ రాసింది ‘ఎ పోర్టర్స్ లవ్ సాంగ్ టు ఎ చాంబర్‌మెయిడ్’. హోటల్లో సామాన్లు మోసి ఊడ్చే పోర్టర్, గదులు సర్దే అమ్మాయికి ప్రేమ వెలిబుచ్చుతున్నాడు. అతనికి వెన్నెలా తెలియదు, గులాబీలూ తెలియవు. తెలిసినవి చీపురు, చేట, తుడుపుగుడ్డ. నువ్వు చీపురువైతే నేను చేటనవుతాను అనే ధోరణిలో, పని సామాను మొత్తం వరసగా పోలికలై నడుస్తాయి. ఈ పాటను ఊరికే నవ్వించే పాటగా చేయడం చాలా తేలిక, రెవ్యూల్లో నౌకర్లంటే నవ్వులాట పాత్రలే. కానీ ఇక్కడ పోర్టర్ వెర్రివాడిలా కనబడడు. అతని మాటల్లో పొందిక ఉంది, పనివాడి చేతి నేర్పు మీద గౌరవం ఉంది. స్వయంగా లిఫ్టు నడిపినవాడు, చిన్న కొలువులు ఎన్నో చేసినవాడు రాశాడని తెలిశాక అది ఇంకా బాగా వినబడుతుంది. ఆయన పాటల్లో ‘బ్లాక్ అండ్ బ్లూ’ తర్వాత నిలబెట్టాల్సింది ఇదే. ‘హనీసకిల్ రోజ్’కు వచ్చిన పేరులో పదో వంతు కూడా దీనికి రాకపోవడం అన్యాయం.

‘హనీసకిల్ రోజ్’ పుట్టుక గురించి ఒక కథ ఉంది. 1929లో కానీస్ ఇన్ కొత్త షో ‘లోడ్ ఆఫ్ కోల్’కు పాటలు కావాలి. న్యూయార్క్‌లో ఉంటే వాలర్ ఒక చోట కూర్చోడని, రజాఫ్ ఆయన్ని న్యూజెర్సీ సముద్రతీరంలోని ఆస్బరీ పార్క్‌లో ఉన్న తల్లి ఇంటికి తీసుకుపోయాడు. వాలర్ ఒకటి రెండు పాటలకు బాణీలిచ్చి, మూడోది సగంలో ఉండగా నగరానికి జారుకున్నాడు. మాటలు పూర్తిచేసి రజాఫ్ ఫోన్ చేస్తే, వాలర్ తాను కట్టిన బాణీనే మర్చిపోయాడట. రజాఫే ఫోన్లో పాడి వినిపించి గుర్తుచేశాడట. చెప్పగా చెప్పగా మెరుగుపడిన కథ కావచ్చు. ఆ జంటలో ఎవరి పని ఏమిటో మాత్రం అది సరిగ్గానే చెబుతుంది. వాలర్‌ది పొంగు, రజాఫ్‌ది నిలకడ. ఆ పాట షోలో ఒక ట్యాప్ డాన్స్ కోసం పెట్టారు, అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ‘బ్లాక్ అండ్ బ్లూ’. దీని గురించి కొంచెం ఆగి మాట్లాడాలి.

‘హాట్ చాకొలేట్స్’ మొదట కానీస్ ఇన్‌లో ఫ్లోర్ షోగా పుట్టి, పెద్దదై బ్రాడ్వేకు వెళ్లింది. దాని వెనక పెట్టుబడి పెట్టిన గ్యాంగ్‌స్టర్ డచ్ షుల్జ్. రజాఫ్ తర్వాతి రోజుల్లో చెప్పిన కథనం ప్రకారం, షో తెరవడానికి ముందు షుల్జ్ ఆయన్ని పిలిచి ఒక హాస్యపు పాట కావాలన్నాడు. మరీ నల్లగా ఉన్న అమ్మాయి, నలుపు వల్ల తనకు ఎవడూ దొరకడం లేదని ఏడవాలి, జనం నవ్వాలి. అలాంటిది నేను రాయలేనని రజాఫ్ అంటే, షుల్జ్ ఆయన్ని గోడకు నొక్కి తుపాకి చూపించాడు. ఆర్డరు అనే మాటకు అంతకన్నా నగ్నమైన రూపం ఉండదు.

రజాఫ్ రాశాడు. గాయని ఎడిత్ విల్సన్. స్టేజీ మీద తెల్లటి పడకగది, తెల్లటి పట్టు దుప్పట్లు, తెల్లటి దుస్తుల్లో నల్లటి అమ్మాయి. ఈ అలంకరణ కూడా నవ్వించడానికే. పాట మొదట్లోని వర్స్ షుల్జ్ అడిగినట్టే ఉంటుంది. వీధిలో జంటలు పోతున్నాయి, లేత రంగు పిల్లలకు కుర్రాళ్లు దొరుకుతున్నారు, నాకే ఎవరూ లేరు అంటుంది. జనం నవ్వారు. తర్వాత అసలు పాట మొదలవుతుంది. చల్లటి మంచం, ఖాళీ ఇల్లు, చచ్చిపోతే బాగుండుననే మాట, ఇంతకీ నేను చేసిన తప్పేంటి అనే ప్రశ్న. మలుపు దగ్గర, మూడో ఎనిమిదిలో, రజాఫ్ ప్రియుడి సంగతి పూర్తిగా వదిలేస్తాడు. ముఖం మీద ఉన్నదాన్ని దాచుకోలేకపోవడం, లోపల ఎలాంటి మనిషైనా ఆ ముఖం చూసే తీర్పు చెప్పేయడం, అదే మిగులుతుంది. అక్కడికి వచ్చేసరికి హాల్లో నవ్వు ఆగిపోయిందని, పాట అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని రజాఫ్ చెప్పుకున్నాడు. వెనక నిలబడి చూస్తున్న షుల్జ్ వచ్చి ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడట.

ఇందులో గమనించాల్సింది ధైర్యం ఒక్కటే కాదు, పనితనం. అడిగింది ఇవ్వకుండా ఎదురు తిరిగితే పాటే ఉండేది కాదు. అడిగినట్టు మాత్రమే ఇచ్చి ఉంటే ఆ సీజన్‌తోపాటే పోయేది. రజాఫ్ అడిగినదాన్ని వర్స్‌లో పెట్టేశాడు, చెప్పాలనుకున్నదాన్ని 32 బార్లలో పెట్టాడు. గాయకులు రికార్డుల్లో వర్స్ వదిలేయడం ఆ కాలపు అలవాటు, అసలు పాటే నిలబడుతుంది. జరిగిందీ అదే. 1929 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని రికార్డు చేసినప్పుడు వర్స్ పాడలేదు. దాంతో ఆడపిల్ల గొడవ పోయింది, లేత రంగు ముదురు రంగు అసూయ పోయింది. మిగిలింది ఒక నల్లజాతి మనిషి తన దేశాన్ని అడిగే ప్రశ్న. రాల్ఫ్ ఎలిసన్ 1952 నవల ‘ఇన్విజిబుల్ మ్యాన్’ ఉపోద్ఘాతంలో కథానాయకుడు వినేది ఈ రికార్డే. 1965 మార్చిలో, అమెరికాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం ఊరేగిన నల్లజాతివాళ్ల మీద పోలీసులు విరుచుకుపడిన రోజుల్లో, ఆర్మ్‌స్ట్రాంగ్ తూర్పు బెర్లిన్ వేదిక మీద మళ్లీ దీన్ని అందుకున్నాడు.

లోపల నేను తెల్లవాణ్ణే అనే అర్థం వచ్చే పంక్తి ఒకటి ఈ పాటలో ఉంది. తర్వాతి తరాలకు అది గుచ్చుకుంది, గుచ్చుకోవడం న్యాయమే. మంచితనానికి తెలుపును గుర్తుగా వాడటం ఆ కాలపు భాష, రజాఫ్ అంతటివాడు కూడా దాంట్లోంచి బయటపడలేదు. అయినా ‘ది క్రూసేడర్’ పాఠకులకు రాసిన కోపాన్నే తెల్ల ప్రేక్షకులతో నిండిన బ్రాడ్వే హాలులో, తుపాకి నీడలో వినిపించగలగడం చిన్న విషయం కాదు. బ్రాడ్వే మీద జాతి వివక్షను ఇంత సూటిగా ప్రశ్నించిన పాట దానికి ముందు వెతికితే దొరకడం కష్టం.

అదే షోలో ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’ స్టేజీ మీద ఒకసారి జంట పాడితే, విరామంలో ఆర్కెస్ట్రా లోంచి ఒక వాద్యకారుడు ట్రంపెట్‌తో, గొంతుతో మళ్లీ అందుకునేవాడు. మర్నాటి పత్రికా సమీక్ష ఆ వాద్యకారుణ్ణి పేరు చెప్పకుండానే మెచ్చుకుంది. ఆయనే అప్పుడే షికాగో నుంచి వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్. ఆ పాటతో ఆయన బ్రాడ్వేకు పరిచయమయ్యాడు, కొద్ది వారాల్లో రికార్డు వచ్చింది, పాట దేశమంతా పాకింది.

డబ్బు సంగతి వేరు. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాట రికార్డు అమ్ముడైనప్పుడల్లా 2 సెంట్లు హక్కుదారుకు రావాలి. దాన్ని పబ్లిషర్, రచయితలు పంచుకుంటారు. అచ్చు ప్రతుల మీద వేరే వాటా, థియేటర్లలో, రేడియోలో వాయిస్తే వేరే. ఇవన్నీ నెమ్మదిగా వచ్చే డబ్బులు, అద్దె మాత్రం నెలకోసారి కట్టాలి. అందుకే పబ్లిషర్ బల్ల మీద రొక్కం పెట్టినప్పుడు, రాబోయే వాటాలన్నీ వదిలేసి ఏకమొత్తానికి సంతకం పెట్టేసేవాళ్లు. 1929లోనే వాలర్ ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’తో సహా 20 దాకా పాటల్లో తన హక్కుల్ని 500 డాలర్లకు అమ్మేశాడు. పాటకు సుమారు పాతిక డాలర్లు పడింది. నల్లజాతి రచయితలకు బేరమాడే శక్తి తక్కువ, వెళ్లడానికి వేరే ఆఫీసు తక్కువ. తెల్ల రచయితలు కూడా అవసరానికి పాటలు అమ్ముకున్నారు, కానీ పేరొచ్చాక వాళ్లకు సొంత పబ్లిషింగ్ కంపెనీలు, సొంత థియేటర్లు వచ్చాయి. ఇర్వింగ్ బెర్లిన్ తన రెవ్యూల కోసం 1921లో మ్యూజిక్ బాక్స్ థియేటర్‌నే కట్టించుకున్నాడు. రజాఫ్‌కు బెర్లిన్‌కు ఉన్న తేడాను పాటల్లో వెతికితే కొంతే దొరుకుతుంది, మిగతాదంతా ఈ లెక్కల్లో ఉంది.

పేర్లే పెట్టకుండా అమ్మిన పాటల గొడవ కూడా ఉంది. 1928లో పెద్ద హిట్ అయిన ‘ఐ కాంట్ గివ్ యూ ఎనీథింగ్ బట్ లవ్’ నిజానికి వాలర్, రజాఫ్‌లదేనని వాలర్ కుటుంబం నుంచి, మరికొందరి నుంచి వాదన వచ్చింది. హక్కులు, పేర్లు మాత్రం జిమీ మెక్‌హ్యూ, డొరొతీ ఫీల్డ్స్‌వి. ఈ వాదనకు కాగితం మీద రుజువేదీ లేదు కాబట్టి నిజమని అనడానికి లేదు. డొరొతీ ఫీల్డ్స్ తర్వాత రాసిన పాటలు చూస్తే ఆవిడకు ఒకరి పాట అరువు తెచ్చుకోవాల్సిన అవసరం కనిపించదు. కానీ అలాంటి వాదన పుట్టడానికి, నమ్మబుద్ధి కావడానికి ఆ కాలపు పాటల బజారే కారణం.

1930 అక్టోబరులో రజాఫ్ పాటలు రాసిన ‘బ్లాక్‌బర్డ్స్ ఆఫ్ 1930’ అనే రెవ్యూ మొదలైంది. దీనికి బాణీలు యూబీ బ్లేక్‌వి, తొమ్మిదేళ్ల కిందట ‘షఫుల్ అలాంగ్’తో దారి వేసింది ఈయనే. గాయని మింటో కాటో గొంతు కోసం బ్లేక్, రజాఫ్ కట్టిన ‘మెమరీస్ ఆఫ్ యూ’ రజాఫ్ ప్రేమ పాటల్లో అన్నిటికన్నా మంచిది. ఆవిడ గొంతు ఎంత కిందికి, ఎంత పైకి వెళుతుందో చూపించడానికే అన్నట్టు ఆ బాణీ నేల నుంచి మెట్లెక్కుతుంది. మాటలు మాత్రం ఎక్కడా ఆయాసపడవు. షో ఫ్లాపైంది. స్టాక్ మార్కెట్ కూలి ఏడాది అయింది, టికెట్టు కొనేవాళ్లు తగ్గిపోయారు. పాట మిగిలింది.

ఆర్థిక మాంద్యం రెవ్యూల నడుం విరిచింది. మాట్లాడే సినిమా మిగతా పని చేసింది. పాటల రచయితలు రైలెక్కి హాలీవుడ్ వెళ్లారు, స్టూడియోలు వాళ్లకు వారం జీతాలిచ్చాయి. ఆ జీతాల పట్టికల్లో నల్లజాతి రచయితలకు దాదాపు చోటు లేదు. రజాఫ్ హార్లెంలోనే ఉండి, దొరికిన పని చేశాడు. 1930లలో స్వింగ్ బ్యాండ్లు, అంటే డాన్సులకు జాజ్ వాయించే పెద్ద వాద్యబృందాలు, వచ్చాక ఆ పని స్వరూపం కూడా మారింది. అప్పటికే వాద్యబృందం వాయించి హిట్టైన బాణీకి మాటలు అతికించాలి. ‘స్టాంపిన్ ఎట్ ద సవాయ్’కి అలాగే 1936లో మాటలు రాశాడు. 1939లో ‘ఇన్ ద మూడ్’కు రాసినందుకు దక్కింది 200 డాలర్లు, అంతే, వాటా లేదు. గ్లెన్ మిల్లర్ బ్యాండు వాయించిన ఆ బాణీ రెండో ప్రపంచ యుద్ధ కాలానికే గుర్తుగా మారింది. రజాఫ్ మాటలను పాడినవాళ్లు కొద్దిమందే.

పాట చేయి దాటిపోయే ఇంకో తీరు జాజ్ వాద్యకారుల దగ్గర కనిపిస్తుంది. వాళ్లు ఇష్టమైన పాట తాలూకు కార్డ్స్ (బాణీ కింద కలిపి మోగించే స్వరాల గుంపులు) మాత్రం తీసుకుని, దాని మీద కొత్త వరస అల్లి కొత్త పేరు పెడతారు. చార్లీ పార్కర్ 1947లో వాయించిన ‘స్క్రాపుల్ ఫ్రమ్ ది యాపిల్’లో ‘హనీసకిల్ రోజ్’ ఎముకలే ఉన్నాయి. కార్డ్స్ వరసకు కాపీరైట్ లేదు కాబట్టి దానికి వాలర్ వారసులకూ పైసా రాదు, రజాఫ్‌కూ రాదు. ట్యాప్ డాన్స్ కోసం అప్పటికప్పుడు కట్టిన పాట ఇంతమంది సంగీతానికి నేలగా మారడం కన్నా పెద్ద గెలుపు ఉండదు. అది ఆదాయం పద్దులో మాత్రం కనబడదు.

వాలర్ 1943 డిసెంబరులో, 39 ఏళ్ల వయసులో, రైలు ప్రయాణంలోనే చనిపోయాడు. రజాఫ్ 1940ల చివర్లో కాలిఫోర్నియా చేరాడు. 1951లో నడుము కింద భాగం చచ్చుబడి, అక్కడి నుంచి చివరి దాకా చక్రాల కుర్చీలోనే. అయినా రాయడం మానలేదు, నల్లజాతి పత్రికలకు కవితలు, వ్యాసాలు పంపుతూనే ఉన్నాడు. మొదలుపెట్టిన చోటికే కలం వచ్చింది. 1972లో సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని చేర్చుకుంది. 1973 ఫిబ్రవరి 3న, 77 ఏళ్ల వయసులో మరణించాడు.

ఐదేళ్ల తర్వాత ఆ పాటలు మళ్లీ రెవ్యూ రూపంలోనే బ్రాడ్వే ఎక్కాయి. 1978 నాటి ఆ షో పేరు ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’. కథ లేదు, ఐదుగురు పాడతారు, ఒకరు పియానో. ఉత్తమ మ్యూజికల్‌గా బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు, 1,604 ఆటలు. ఐదుగురూ కుర్చీల్లో కూర్చుని ‘బ్లాక్ అండ్ బ్లూ’ను ఆడంబరం లేకుండా కలిసి పాడే ఘట్టం దానికి ప్రాణం. ఆ షోను ‘ఫ్యాట్స్ వాలర్ మ్యూజికల్’ అని ప్రచారం చేశారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు. వాలర్‌కు ఆ గౌరవం తగినదే. కానీ షోకి పేరుగా పెట్టుకున్న ఆ మాటలు రాసింది వాలర్ కాదు.

ఇప్పుడు హక్కుల లెక్క ఇలా ఉంది. అమెరికా చట్టం ప్రకారం 1929లో అచ్చయిన పాటలకు 95 ఏళ్ల రక్షణ ముగిసి, 2025 జనవరి 1న ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’, ‘బ్లాక్ అండ్ బ్లూ’ ఆ దేశంలో అందరి సొత్తయ్యాయి. ఎవరైనా పాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, షుల్జ్ అడిగిన ఆ వర్స్‌తో సహా. ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డుకు మాత్రం నూరేళ్ల లెక్క, దాని హక్కులు 2030 జనవరి 1 దాకా కొనసాగుతాయి.